నురగ

పొద్దున్నే గెడ్డం గీసుకోవడానికి నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. దీని మీద మా ఇంటామె వెయ్యని జోకు లేదు. "పెళ్ళికొడుకు తయారయ్యాడా?" అంటుంది వంటింట్లోంచి. స్టాఫ్ రూములో ట్రిమ్మర్ కొనుక్కోమని సలహా ఇవ్వని మాస్టారు లేడు. రెండు నిమిషాల పనికి స్టీలు గిన్నె, బ్రష్షు, గుండ్రటి సబ్బు, వేణ్ణీళ్ళు, ఇంత తతంగం ఏందయ్యా అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. నురగ గురించి చెప్పాలంటే మా పల్లె గురించి చెప్పాలి. పల్లె గురించి స్టాఫ్ రూములో చెప్పగలిగిన మాటలు వేరు, ఇక్కడ చెప్పే మాటలు వేరు.

మాది కనిగిరి వైపు ఒక ఊరు. అలవాటుగా ఊరు అంటాను గానీ మాది ఊరు కాదు, మాదిగపల్లె. ఊరికీ పల్లెకీ మధ్య ఒక వాగుంది. వాన పడితే నాలుగు రోజులు పారుతుంది, మిగతా ఏడాదంతా ఇసకే. ఆ ఇసక దాటి చాకలి ఇటు వచ్చేవాడు కాదు, మంగలి వచ్చేవాడు కాదు. దాటి పోవాల్సింది మేమే. చచ్చిన గొడ్డుందని కబురొస్తే పోవాలి, చావుకీ జాతరకీ డప్పు పట్టుకుని పోవాలి, తెగిన చెప్పు కుట్టడానికి పోవాలి. (ఇప్పుడు నాయీబ్రాహ్మణులు అంటున్నాం. అది వాళ్ళు తమకు తాము కోరుకున్న పేరు, అట్లాగే పిలవాలి. ఆనాడు ఊళ్ళో అందరూ అన్న మాటే ఇక్కడ రాస్తున్నాను, మా కులాన్ని ఊళ్ళో అన్న మాట రాసినట్టే.)

మా నాయనకి ఆదివారం గెడ్డం రోజు. గుడిసె ముందు వేపచెట్టుకి మేకు కొట్టి దానికి పగిలిన అద్దం ముక్క తగిలించేవాడు. టోపాజ్ బ్లేడు సగానికి విరిచి, ఆ సగాన్ని చీల్చిన వెదురు పుల్ల మధ్య ఇరికించి దారంతో కట్టేవాడు. సగం ఈ నెలకి, సగం వచ్చే నెలకి. సబ్బంటే బట్టల సబ్బే. 501 బారు కొట్లో ముక్కలుగా కోసి అమ్మేవాళ్ళు. అమ్మ బట్టలుతికాక మిగిలిన అరిగిన బిళ్ళని నాయన చెంపల మీద రుద్దుకునేవాడు. నురగ రాదు. మాది బోరు నీళ్ళు, నోట్లో పోసుకుంటే ఉప్పగా, చవుడుగా ఉండేవి. ఆ నీళ్ళతో ఎంత రుద్దినా మొహం మీద తెల్లగా విరిగిన పాలలాంటి తెట్టె తేలేది తప్ప నురగ కట్టేది కాదు. దాని మీదే బ్లేడు లాగేవాడు. గర్ గర్ మని శబ్దం వచ్చేది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ పంటి కింద ఇసక పడ్డట్టుంటుంది. గెడ్డం అయ్యేసరికి మూడు నాలుగు చోట్ల రక్తం. పసుపు అద్దుకుని పనికి పోయేవాడు. పదిమంది మగాళ్ళుంటే పదిమందికీ దవడ మీద పసుపు చుక్కలు. ఆదివారం నాడు మా పల్లెలో మొగోళ్ళని చూస్తే పేరంటానికి పోయొచ్చినట్టు ఉండేవాళ్ళు.

నా జుట్టు మా అక్క కత్తిరించేది. నాకంటే ఏడేళ్ళు పెద్ద. నా తల మీద బొచ్చె బోర్లించి, దాని అంచు వెంట కత్తెర నడిపేది. చాలా ఏళ్ళ తర్వాత ఒంగోలు హాస్టల్లో ఒక సీనియర్ అన్న ఇస్తే అంబేద్కర్ రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివాను. సతారాలో మంగళ్ళు లేక కాదు, వాళ్ళకి ఇచ్చేందుకు డబ్బుల్లేక కాదు, అంటరాని పిల్లలకి ఎవడూ చెయ్యడు గనక వాళ్ళ పెద్దక్కే తమ్ముళ్ళకి క్షవరం చేసేదట, చేసీ చేసీ చెయ్యి తిరిగిందట. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. అంతంత చదువులు చదివిన బాబాసాహెబుకీ నాకూ మధ్య వంద మెట్లుంటాయని అనుకుంటూ వచ్చాను. ఆ ఒక్క అక్క దగ్గర ఇద్దరం ఒక్క గుమ్మం ముందు కూర్చున్నాం. మా అక్కని ఏడో తరగతితోనే మాన్పించి పెళ్ళి చేశారు. ఆ తర్వాత నా జుట్టు అమ్మ కత్తిరించింది, వంకరటింకరగా.

మా తాత రోజుల్లో బ్లేడు కూడా లేదు. పల్లెకంతా ఒక ముసలాయన ఉండేవాడు, ఆయనే అందరికీ గీసేవాడు. సబ్బూ లేదు, ఉత్త నీళ్ళే. 'నీళ్ళ గెడ్డం' అనేవాళ్ళు. కాకపోతే మా తాత ఒక మాట అనేవాడు, అది నాకు బాగా గుర్తు: "నానాలిరా. తోలైనా బొచ్చైనా నానాలి. నానకుండా కత్తి పెట్టకూడదు." తోలు పని చేసినోడికి వెంట్రుక సంగతి ఇంకెవరు చెప్పాలి? పచ్చి తోలుని సున్నం కలిపిన లందలో రోజుల తరబడి ఊరేస్తే వెంట్రుక కుదురు వదులవుతుంది. అప్పుడు దుంగ మీద పరిచి మొద్దుకత్తితో గీకితే చేత్తో దూసినట్టు రాలిపోతుంది. ఆ తర్వాత తంగేడు చెక్క. ఆ తర్వాత కొవ్వు పట్టించి మెత్తన చెయ్యడం. క్షారం వెంట్రుకని ఏం చేస్తుందో, కొవ్వు చర్మాన్ని ఏం చేస్తుందో మా తాతకి చేతికి తెలుసు. నాకు బీయస్సీలో పరీక్ష కోసం తెలిసింది. ఊళ్ళో వాళ్ళకి మాత్రం లంద అంటే ముక్కు మూసుకోవడం ఒక్కటే తెలుసు.

ఇంకొకటి. మంగలాయన కత్తి నూరుకునే తోలుపట్టె మా తాత చేసిచ్చిందే. పొద్దున్నే ఆ పట్టె మీద కత్తిని అటూ ఇటూ తిప్పి పదును పెట్టుకుని ఆసాముల గెడ్డాలు గీసేవాడు. మా తోలు కత్తికి తగలొచ్చు. కత్తి మా తోలుకి తగలకూడదు. ఎక్కడి లెక్కో ఇది!

1997లో అనుకుంటా, నాకు ఎనిమిదేళ్ళు. ఆసామి చెప్పులు బాగుచేసి ఇచ్చి రావడానికి నాయన పోతుంటే వెంటపడ్డాను. పోయేసరికి ఆసామి అరుగు మీద పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. మంగలాయన ఎదురుగా గొంతుక్కూచుని ఇత్తడి గిన్నెలో బ్రష్షు తిప్పుతున్నాడు. మేం అరుగు కింద, మోరీకి ఇవతల నిలబడ్డాం. గెడ్డం అయ్యేదాకా నిలబడాల్సిందే.

నేను అంతకు ముందు నురగ చూడలేదు. పాలు పొంగినప్పుడు చూశాను, వాగు కొత్తనీరుతో వచ్చినప్పుడు చూశాను. ఇది అట్లాంటిది కాదు. గిన్నెలో బ్రష్షు తిరిగేకొద్దీ అది పెరుగుతోంది. చప్పుడు లేదు. మీగడ పెరుగు లాగ చిక్కగా, బ్రష్షు పైకెత్తితే కొమ్ములాగ నిలబడుతోంది. మంగలాయన దాన్ని ఆసామి చెంప మీద పెట్టి గుండ్రంగా రుద్దుతుంటే ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఊరంతా భయపడే మనిషి, చంటిపిల్లోడిలా గెడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. వాసన మోరీ దాటి మా దాకా వచ్చింది. గంధం వాసన. మా ఇంట్లో నాకు తెలిసిన వాసనలు తోలు, తంగేడు, పొయ్యి పొగ, నాయన చెమట. ఇట్లాంటి వాసన మనిషి మొహానికి ఉంటుందని నాకు తెలియదు.

మంగలాయన కత్తికి అంటిన నురగని ఎడం చేతి మీద తుడుచుకుని మోరీ వైపు విదిలిస్తున్నాడు. ఒక ముద్ద వచ్చి నా కాళ్ళ దగ్గర రాయి మీద పడింది. తెల్లగా, చిన్న చిన్న నల్ల వెంట్రుకలతో. నేను వంగి వేలితో తీసుకుని వాసన చూశాను. చెంపకి కూడా పూసుకున్నాను.

ఆసామి కళ్ళు మూసుకునే ఉన్నాడు, చూడలేదు. మంగలాయన చూశాడు. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఏమీ అనలేదు, తల తిప్పుకుని గీయడం మొదలుపెట్టాడు. నాయన చూశాడు. అక్కడ ఏమీ అనలేదు. చెప్పులు అరుగు చివర పెట్టి, ఆసామి పైనుంచి వదిలిన చిల్లర దోసిట్లో పట్టుకుని, వాగు దాకా మాట్లాడకుండా నడిచాడు. వాగులో దిగాక కొట్టాడు. మా నాయన నన్ను కొట్టింది బతుకులో అదొక్కసారే. "ఎంగిలి నురగ పూసుకుంటావా? వాడి గెడ్డం నీ మొహానికి పూసుకుంటావా?" అని కొట్టాడు. కొట్టి, తనే ఇసకతో నా చెంప రుద్దాడు. చెలమలో నీళ్ళతో కడిగాడు. దెబ్బల కంటే ఆ ఇసక ఎక్కువ మండింది.

ఆరో తరగతిలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరాను. సబ్బుకీ నూనెకీ గవర్నమెంటు కాస్మెటిక్ చార్జీలని ఇచ్చేది, నెలకోసారి క్షవరానికి మనిషి వచ్చేవాడు. వరసలో కూర్చోబెట్టి గొర్రెల బొచ్చు కత్తిరించినట్టు కత్తిరించి పోయేవాడు. అయినా అది నాకు గొప్పగానే ఉండేది, పరాయి మనిషి నా తల ముట్టుకున్నాడు గదా. గెడ్డాలు మొలిచే వయసుకి నేను ఒంగోల్లో ఉన్నాను. రూములో ఆరుగురం, ఒక్క రేజరు, ఒక్క ఒంటి సబ్బు. అదే మొహానికీ.

సెలూన్లో మొదటిసారి గెడ్డం చేయించుకున్నది 2008లో, డిగ్రీ రెండో సంవత్సరం. స్కాలర్‌షిప్ ఫారానికి ఫోటో కావాలి. బస్టాండు దగ్గర ఒక చిన్న సెలూన్. కుర్చీలో కూర్చుంటే నా మెడ కర్రలాగ బిగుసుకుపోయింది. "వదులుగా ఉండు బాబూ, కత్తి తెగుద్ది" అన్నాడు ఆయన. బ్రష్షు నీళ్ళలో ముంచి, సబ్బు మీద తిప్పి, నా చెంప మీద పెట్టాడు. వెచ్చగా ఉంది. మెత్తగా ఉంది. ఆ వాసన కూడా దాదాపు అదే, గంధం. పదకొండేళ్ళ తర్వాత నా మొహం మీదికి నేరుగా వచ్చింది, మోరీ మీదుగా కాకుండా. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి.

అప్పుడు అడిగాడు, "ఏ ఊరు బాబూ?" అని. చెప్పాను. "అట్టనా! మా మేనమామ అక్కడే. ఎవరి పిల్లోడివి?"

సగం మొహం నురగలో ఉంది. అద్దంలో నా కళ్ళు, ముక్కు తప్ప ఏమీ కనపడటం లేదు. నా నోట్లోంచి ఆసామి ఇంటిపేరు వచ్చింది. ఆలోచించి చెప్పలేదు, అదే వచ్చేసింది. "ఓహో, పెద్దోళ్ళు" అన్నాడు. ఆ క్షణం నుంచి చెయ్యి ఇంకా మెత్తనైంది. రెండోసారి నురగ పట్టించాడు, పటిక రాశాడు, పౌడరు అద్దాడు. డబ్బులిచ్చేటప్పుడు లేచి నిలబడ్డాడు. నేను బయటికొచ్చి బస్టాండు కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. చాలాసేపు కడుక్కున్నాను. ఫోటో బాగా వచ్చింది. ఆ ఫోటో ఇప్పటికీ ఫైల్లో ఉంది, చూడను.

సెలూన్ ఆయన తప్పేమీ లేదు, ఊరు పలకరింపుగా అడిగాడు. నిజం చెబితే ఏం చేసేవాడో నాకు తెలియదు. బహుశా ఏమీ అనేవాడు కాదేమో. దాన్ని తేల్చుకునే అవకాశం నేనే పోగొట్టుకున్నాను. ఆ కుర్చీలో కూర్చోవడం నా హక్కని అప్పటికే చదువుకున్నాను గదా! దుకాణాల్లోకి ఎవర్నీ రానివ్వకపోవడం కుదరదని రాజ్యాంగం పదిహేనో అధికరణ చెబుతుంది. 1948లో రాజ్యాంగ సభలో ఆ 'దుకాణం' అనే మాట మీద చర్చ వస్తే, అంటే గడప దాటనివ్వడం ఒక్కటే కాదు, అక్కడ దొరికే సేవ చెయ్యడం కూడా అని అంబేద్కర్ అర్థం చెప్పాడు. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది, 1976లో దాన్ని పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చారు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం. ఇవన్నీ హాస్టల్ రూములో బల్లగుద్ది వాదించేవాణ్ణి. మొహానికి నురగ పెట్టి 'ఎవరి పిల్లోడివి' అని ఒక్క మాట అడిగేసరికి చట్టాలన్నీ నురగ కిందే ఉండిపోయినయి.

2014 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. 2016లో స్కూల్ అసిస్టెంటుగా చేరాను, ఫిజికల్ సైన్సు. మొదటి జీతంలో అమ్మకి చీర, అక్కకి చీర, నాయనకి పంచెలచాపు, నాకు ఒక బ్రష్షూ ఒక గుండ్రటి షేవింగ్ సబ్బూ. గంధం వాసనది. ఆ వాసనే ఎందుకు తీసుకున్నానో అప్పుడు ఆలోచించలేదు.

ఇక చూసుకోండి, నురగ రాదు! సెలూన్లో అర నిమిషంలో వచ్చింది నాకు పది నిమిషాలు తిప్పినా రాదు. పెద్ద పెద్ద బుడగలు లేచి చెంప మీద పెట్టేలోపు చిట్లిపోతున్నాయి, కింద పల్చటి తెల్లనీళ్ళు. సబ్బు మంచిది కాదని ఇంకోటి కొన్నాను. అదీ అంతే. పదో తరగతికి సబ్బుల పాఠం చెప్పేది నేనే. కఠిన జలంలో సబ్బు నురగ ఇవ్వదని, నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టె కడతాయని బోర్డు మీద రాసిందీ నేనే. అదే నా గిన్నెలో జరుగుతోందని వెలగడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. వెలిగిన రోజు నవ్వొచ్చింది, ఆ వెనకే నాయన చెంపల మీద విరిగిన పాలలాంటి తెట్టె గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఆయన చేతకానితనం అనుకునేవాణ్ణి నేను. ఊరికి మంచినీళ్ళ బావి ఉండేది, వాగుకి అవతల. మెత్తటి నీళ్ళు, పప్పు ఇట్టే ఉడికేవి. మాకు బోరు. మా నాయన మొహం మీద నురగ కట్టకుండా చేసింది మంగలి ఒక్కడే కాదు, ఆ బావి కూడా.

ఆ తర్వాత నేర్చుకున్నాను. ఎవరూ చెప్పలేదు గనక చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. మీకు ఉపయోగపడుతుందేమో చెబుతాను. ముందు నీళ్ళు. వాననీళ్ళు పట్టి పెట్టుకుంటే అంత మంచివి లేవు. లేకపోతే తాగడానికి తెచ్చుకునే ప్లాంటు నీళ్ళు ఒక గ్లాసు చాలు. బోరు నీళ్ళే దిక్కయితే బాగా మరగబెట్టి, తేర్చి వాడాలి. అయితే అన్ని లవణాలూ మరగబెడితే పోవు, సగం తంటా మిగులుతుంది. బ్రష్షుని రెండు మూడు నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాలి, మా తాత చెప్పినట్టే. సలసల కాగే నీళ్ళు పనికిరావు, బ్రష్షు పాడవుతుంది, నురగ తొందరగా ఆరిపోతుంది. సబ్బు మీద కూడా నాలుగు చుక్కలు వేసి ఉంచాలి.

అందరూ చేసే తప్పు, నేనూ చేసిన తప్పు, తడి బ్రష్షు తడిగానే సబ్బు మీద పెట్టడం. బ్రష్షుని బాగా విదిలించాలి. అప్పుడు సబ్బు మీద ముప్పై నలభై సార్లు తిప్పితే నురగ రాదు, జిగురు లాంటి ముద్ద వస్తుంది. రావాల్సింది అదే. దాన్ని గిన్నెలోకి తీసుకుని తిప్పుతూ, చెంచాతో పిల్లోడికి మందు పోసినట్టు చుక్కా చుక్కా నీళ్ళు కలపాలి. తొందరపడి ఒక్కసారి పోశామా, బుడగలే. అసలు పొయ్యకపోతే గోడకి సున్నం కొట్టినట్టు చెంప మీదే ఎండిపోతుంది. మధ్యలో ఒక చోట ముద్ద మీద నిగనిగ మెరుపు వస్తుంది, కంటికి బుడగ కనపడదు, బ్రష్షు ఎత్తితే కొమ్ము నిలబడి చివర కొంచెం వంగుతుంది. అక్కడ ఆపాలి. మొహం తడి చేసుకుని గుండ్రంగా రుద్ది, రెండు నిమిషాలు ఊరికే ఉండాలి. వెంట్రుక నీళ్ళు తాగి మెత్తబడేది ఆ రెండు నిమిషాల్లోనే. నురగ చేసే పని వెంట్రుక దగ్గర నీళ్ళని నిలబెట్టడం, కత్తి జారేట్టు చెయ్యడం. అంతకు మించి దానికి మహిమేం లేదు.

ఒంటి సబ్బుతో ఇది ఎందుకు రాదో కూడా తెలుసుకున్నాను. ఒంటి సబ్బు సోడాతో చేసింది, దాని నురగ తొందరగా లేచి తొందరగా చస్తుంది. గెడ్డం సబ్బులో స్టియరిక్ ఆమ్లం ఎక్కువ, సోడాతో పాటు పొటాషియం హైడ్రాక్సైడ్ కూడా వేస్తారు, అందుకే నురగ చిక్కగా, నిలకడగా ఉంటుంది. వాసనకీ నురగకీ సంబంధం లేదు. గంధమైనా నిమ్మయినా లోపలి సరుకు అదే, కొవ్వూ క్షారమూ. పడమటి దేశాల్లో పాతకాలపు గెడ్డం సబ్బులు పశువుల కొవ్వుతోనే వండేవాళ్ళు, కొన్ని ఇప్పటికీ అట్లాగే చేస్తున్నారు. ఇది చదివినప్పుడు మాత్రం కడుపుబ్బ నవ్వుకున్నాను. గొడ్డు కొవ్వు, సున్నంలాంటి క్షారం, పైన ఇంత వాసన. మా లంద నుంచి వాళ్ళ గిన్నెకి ఎంత దూరమని!

2017 సంక్రాంతికి గిన్నె, బ్రష్షు, సబ్బు, రెండు సీసాల ప్లాంటు నీళ్ళు సంచిలో వేసుకుని పల్లెకి పోయాను. ఆదివారం నాయన అద్దం తీస్తుంటే, కూర్చో నాయనా, నేను చేస్తానన్నాను. "నాకెందుకురా ఈ సోకు" అన్నాడు. బలవంతాన మంచం మీద కూర్చోబెట్టాను. పల్లెలో పిల్లలంతా చుట్టూ మూగారు. ముద్ద కట్టింది, మెరుపొచ్చింది, కొమ్ము నిలబడింది. నాయన మొహాన్ని నేను అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. దవడ మీద, గొంతు మీద, పెదవి కింద సన్నటి తెల్లగీతలు, ఎన్ని ఆదివారాల గీతలో. బ్రష్షు పెట్టాను. మెడ బిగబట్టాడు. ఒంగోలు సెలూన్లో నేను బిగబట్టినట్టే. "వదులుగా ఉండు నాయనా" అన్నాను.

కళ్ళు మూసుకోలేదు. ముక్కు ఎగబీల్చాడు. మొహం మారింది.

"ఇది ఆసామి వాసనరా" అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ కిందటి అరుగు, మోరీ, రాయి, ఇసక అన్నీ మా ఇద్దరి మధ్య మంచం మీద కూర్చున్నాయి. ఆయనకి గుర్తుందని నాకు తెలియదు. నాకు గుర్తుందని ఆయనకి తెలియదు. చాలాసేపటికి, "కడిగెయ్యమంటావా?" అన్నాను. "పెట్టావు గదా, కానీ" అన్నాడు. గీశాను. ఒక్క గాటు పడలేదు. అద్దంలో అటూ ఇటూ తిప్పి చూసుకుని, చెంప తడుముకుని, "మెత్తగానే ఉంది. ఇంకో వాసనది ఉండదా?" అని అడిగాడు.

ఒంగోలు వచ్చాక నాలుగు కొట్లు తిరిగాను. నిమ్మకాయ వాసనది దొరికింది. ఉగాదికి అది తీసుకుపోతే వాసన చూసి తలూపాడు. మా గుడిసె వెనక నిమ్మచెట్టు ఉండేది, నాటింది ఆయనే. గంధం సబ్బు నేను కూడా మానేశాను. గంధం మీద కోపమేం లేదు. పొద్దున్నే నా మొహానికి ఎవరి ఇంటిపేరు రాసుకుంటున్నానో తెలిశాక ఎట్లా రాసుకుంటాను?

మంగలాయన చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆయన కొడుకు ఐదో తరగతి దాకా నాతో చదివాడు, మండల కేంద్రంలో సెలూన్ పెట్టాడు. ఒకసారి కలిసినప్పుడు తనే ఎత్తాడు ఆ మాట. "మా నాయనకి చెయ్యకూడదని ఏం ఉండేది కాదురా. మీ గెడ్డం గీస్తే ఆ కత్తి ఊళ్ళో ఎవరూ పెట్టనిచ్చేవాళ్ళు కాదు. ఏడాది గింజలు ఆపేసేవాళ్ళు. మమ్మల్ని మాత్రం పొద్దున్నే ఎదురొస్తే శకునం బాగలేదని తిట్టలా?" అన్నాడు. నిజమే. ఆయనా పీట ఎదురుగా గొంతుక్కూచున్న మనిషే గాని పీట మీద కూర్చున్న మనిషి కాదు. ఆ రోజు నా చెంప మీద నురగ చూసి తల తిప్పుకున్నాడు, అరిస్తే ఆసామి కళ్ళు తెరిచేవాడు. ఇదంతా నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన మా నాయన దవడ మీది గీతలు చెరిగిపోవు, ఆ సంగతీ వాడికి చెప్పాను. వాడేం అనలేదు. "ఒకసారి పెద్దాయన్ని తీసుకురారా" అన్నాడు.

నాయన మూడేళ్ళు రానన్నాడు. "ఇప్పుడెందుకు? నువ్వు చేస్తన్నావుగా" అనేవాడు. 2023లో కంటి ఆపరేషన్ చేయించి తీసుకొస్తూ, మొహం మాసిపోయి ఉందని, దార్లోనే గదా అని బండి ఆపాను. ఎందుకో ఆ రోజు కాదనలేదు. లోపల ఇద్దరున్నారు, ఒకాయన ఊరి ఆయనే. నాయన గుమ్మంలో చెప్పులు విప్పబోయాడు. "వేసుకునే రా పెద్దాయనా" అన్నాడు వాడు. మేకుకి రెండు తువ్వాళ్ళు వేలాడుతున్నాయి. ఒకటి మాసింది, ఒకటి ఉతికింది. నేను వాటి వంకే చూస్తూ నిలబడ్డాను. వాడు ఊరి ఆయన మెడకి కట్టిన తువ్వాలే, మాసిందే, విప్పి ఒక్కసారి దులిపి నాయన మెడకి కట్టాడు. మాసిన తువ్వాలు చూసి సంతోషపడ్డవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

వాడు ట్యూబులోంచి క్రీము పిండి, బ్రష్షు నీళ్ళలో ముంచి, విదిలించకుండానే నాయన చెంప మీద గబగబా తిప్పాడు. బయట ఇంకో ఇద్దరు ఎదురు చూస్తున్నారు మరి. నాయన గెడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. కాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి అద్దంలోకి చూశాడు, వేలితో చెంప మీది నురగ తీసి నలిపి చూశాడు.

"నీళ్ళు ఎక్కువైనయ్ అబ్బాయ్" అన్నాడు, సెలూన్లో అందరికీ వినపడేట్టు. "మళ్ళీ కలుపు."

వాడు నా వంక చూసి నవ్వి, తువ్వాలుతో నాయన మొహం తుడిచి, బ్రష్షు విదిలించాడు.